రొమేనియాలో రొమేనియన్ ఒక్కటి వస్తే సరిపోతుందా? క్లుజ్, ట్రాన్సిల్వేనియా వైపు ఉన్నవాళ్లు చెప్పండి

1 · కొత్తచిగురు
అందరికీ నమస్తే. మా ఆయనకి ఆఫీసువాళ్లు క్లుజ్ ట్రాన్స్‌ఫర్ ఇచ్చారు, వేసవిలో వెళ్తున్నాం. ఫోన్‌లో యాప్ పెట్టుకుని రొమేనియన్ మొదలుపెట్టాను, బాగానే ఎక్కుతోంది. ఇంతలో అక్కడే ఉంటున్న ఒకావిడ ఫోన్‌లో "పాపని ఏ లైన్‌లో వేస్తారు, రొమేనియన్ లైనా, హంగేరియన్ లైనా, జర్మన్ లైనా" అని అడిగింది. నాకు బుర్ర తిరిగిపోయింది. దేశం పేరే భాష పేరు కదా, మధ్యలో ఈ లైన్లేంటి? అసలు అక్కడ ఎవరు ఏం మాట్లాడతారో కాస్త విడమరిచి చెప్పండి, ప్లీజ్.

2 · బుకారెస్ట్_బాబాయ్
టెన్షన్ పడకండమ్మా. రాజ్యాంగం 13వ అధికరణంలోనే ఉంది, అధికార భాష రొమేనియన్ అని. ఎన్నో ఏళ్లుగా బుకారెస్ట్‌లో ఉంటున్నా, హంగేరియన్ ఒక్క ముక్క అవసరం పడలేదు. ఆఫీసులో ఇంగ్లీషు, కూరగాయల కొట్లో రొమేనియన్, ఇంట్లో తెలుగు. అంతే. మైనారిటీ భాషలూ అదీ ఇదీ అని ఎవరైనా చెబితే అదంతా రాజకీయం, మనకెందుకు.

3 · మురెష్_మెడికో
బాబాయ్ గారూ, బుకారెస్ట్ వేరు, ట్రాన్సిల్వేనియా వేరు. నేను తర్గు మురెష్‌లో ఎంబీబీఎస్ లాంటి కోర్సు చదువుతున్నా, మాది గుంటూరు దగ్గర. మా యూనివర్సిటీలోనే రొమేనియన్, హంగేరియన్, ఇంగ్లీషు మూడు మీడియాలు ఉన్నాయి. మేం ఇంగ్లీషు మీడియమే గానీ, మూడో సంవత్సరం నుంచి వార్డుల్లోకి పంపిస్తారు కాబట్టి ముందే రొమేనియన్ నేర్పించేస్తారు.

వార్డులో ఏం జరుగుతుందో చెప్తా. సోవాతా వైపు పల్లెటూరి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. నేను బట్టీ పట్టుకున్న ప్రశ్న ధైర్యంగా అడిగా, "ఉందె వ డోఆరె", అంటే ఎక్కడ నొప్పి అని. ఆయన నన్ను చూశాడు, నా మెళ్లో స్టెతస్కోప్ చూశాడు, తల అటు తిప్పుకుని పక్క మంచం అతని వంక చూశాడు. పక్క మంచం అతను "హోల్ ఫాయ్" అన్నాడు, అదే మాట హంగేరియన్లో. అంతే, దుప్పటి తీసేసి కుడి డొక్క చూపించి, ఆపకుండా చెప్పడం మొదలుపెట్టాడు. అతను రొమేనియన్లోకి మార్చి చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాసుకున్నా. రొమేనియన్ రాదని కాదు ఆయనకి, మిలిటరీలో నేర్చుకున్నాడట. నొప్పి చెప్పుకోవడానికి రాలేదు. అప్పట్నుంచి నా నోట్‌బుక్‌లో ప్రతి ప్రశ్న రెండు భాషల్లో రాసి పెట్టుకుంటున్నాను.

2021 జనాభా లెక్కల్లో హంగేరియన్లు సుమారు 10 లక్షలు, అంటే దేశంలో 6 శాతం. కానీ ఆ 6 శాతం దేశమంతా చల్లినట్టు లేరు. హర్గీతా, కొవాస్నా జిల్లాల్లో వాళ్లదే పెద్ద మెజారిటీ. మా ఊళ్లో దగ్గర దగ్గర సగం సగం. బుకారెస్ట్‌లో కనపడలేదంటే లేరని కాదు.

4 · పాతలిపి
మురెష్ అబ్బాయి బాగా చెప్పాడు. దీనికి కొంచెం వెనక కథ కలిపితే కొత్తచిగురు గారికి మొత్తం అర్థమవుతుంది. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

క్రీ.శ. 106లో ట్రాజన్ చక్రవర్తి డేసియాని, అంటే ఇప్పటి రొమేనియా ప్రాంతాన్ని, గెలిచి రోమ్‌లో కలిపాడు. 270ల్లో ఔరేలియన్ సైన్యాన్ని వెనక్కి పిలిపించాడు. అంటే రోమన్ల పాలన నూట డెబ్బై ఏళ్లు కూడా నిండలేదు, కానీ లాటిన్ నుంచి పుట్టిన భాష ఆ పక్కన మిగిలింది. చుట్టూ స్లావ్‌లు, హంగేరియన్లు, తర్వాత తుర్కులు, చర్చిలో గ్రీకు, స్లావొనిక్. అందుకే ఇటాలియన్ వచ్చినవాడికి రొమేనియన్ సగం తెలిసినట్టే ఉంటుంది, ఆ మిగతా సగం దగ్గర తడబడతాడు. "అవును" అనడానికి "దా" అంటారు, అది స్లావ్ మాట. ఊరు అంటే "ఒరాష్", అది హంగేరియన్ నుంచి వచ్చింది. పులుసు లాంటి సూప్ "చోర్బా" తుర్కుల దగ్గర్నుంచి.

తేదీ తెలిసిన రొమేనియన్ రాతల్లో అన్నిటికన్నా పాతది 1521 నాటి ఉత్తరం. కింపులుంగ్‌లో ఉండే న్యాక్షు అనే వర్తకుడు బ్రషోవ్ నగర పెద్ద హాన్స్ బెంక్నర్‌కి రాశాడు, తుర్కు సైన్యం డాన్యూబ్ మీదుగా కదులుతోంది జాగ్రత్త అని. ఈ ఉత్తరం అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే రాసినవాడు రొమేనియన్, అందుకున్నవాడు జర్మన్ మాట్లాడే సాక్సన్, లిపి సిరిలిక్, అంటే రష్యన్ రాసే తరహా లిపి, మొదలూ చివరా స్లావొనిక్ మర్యాద మాటలు. రొమేనియన్ భాష రాతలో మొదటిసారి కనపడిందే ఇన్ని భాషల మధ్య. లాటిన్ లిపికి అధికారికంగా మారింది 1860ల మొదట్లో, అంటే నిన్న మొన్న.

ఇక ట్రాన్సిల్వేనియా 1918 దాకా హంగేరీ రాజ్యంలో ఉండేది, 1920 ట్రియనాన్ సంధితో రొమేనియాకి ఖాయమైంది. అంతకు ముందు వత్తిడి అటువైపు నుంచి. 1907లో హంగేరీ విద్యామంత్రి అప్పోన్యీ తెచ్చిన చట్టంతో రొమేనియన్ బళ్లలో పిల్లలు నాలుగో తరగతి అయ్యేసరికి హంగేరియన్ మాట్లాడి తీరాలి. 1920 తర్వాత తారుమారైంది. ఇవాళ క్లుజ్‌లో "మా భాష" అని ఎవరు గొంతు పెంచినా వెనక తాత చెప్పిన కథ ఒకటి ఉంటుంది. ఇద్దరి తాతలూ నిజమే చెప్పారు.

5 · బుకారెస్ట్_బాబాయ్
చరిత్ర బావుంది మాస్టారూ. కానీ నా పాయింట్ అలాగే ఉంది. ఒక దేశంలో పుట్టి ఆ దేశం భాష సరిగ్గా మాట్లాడని పిల్లలు తయారైతే అది ఎవరికి మంచిది? మా ఆఫీసులో మియెర్కురియా చుక్ నుంచి ఒకబ్బాయి ఉన్నాడు, ప్రోగ్రామింగ్‌లో పులి. నాతో ఇంగ్లీషులో గలగలా మాట్లాడతాడు, టీమ్‌లో రొమేనియన్లతో మాట్లాడాలంటే చెమటలు పడతాయి.

6 · క్లుజ్_కోడర్
అది ఆ అబ్బాయి తప్పు కాదు బాబాయ్. హర్గీతాలో వీధి, బడి, చర్చి, కొట్టు అన్నీ హంగేరియనే. రొమేనియన్ వినపడేది టీవీలోనే, అదీ పెడితే. అలాంటి పిల్లలకి చాలాకాలం పాటు రొమేనియన్ మాతృభాషగా ఉన్న పిల్లలకి ఇచ్చిన పుస్తకాలే ఇచ్చి, 19వ శతాబ్దం కవిత్వం విశ్లేషించు అన్నారు. "రొట్టె ఎంత" అని అడగడం రాకముందే అలంకారాలు. 2011 విద్యా చట్టం వచ్చాక వేరే పద్ధతిలో, వేరే పుస్తకాలతో నేర్పించొచ్చు అన్నారు. చరిత్ర, భూగోళం కూడా మాతృభాషలో చదవొచ్చని అదే చట్టం. అయినా చివర్లో బాకలోరియా పరీక్షలో, అది మన ఇంటర్ లాంటిది, రొమేనియన్ భాషా సాహిత్యం పేపర్ అందరూ రాయాల్సిందే. హంగేరియన్ మీడియం పిల్లలు పైగా సొంత భాష పేపర్ ఒకటి అదనంగా రాస్తారు.

కొత్తచిగురు గారూ, మీ అసలు ప్రశ్నకి వస్తా. "లైన్" అంటే మీడియం. ఒకే బడి భవనంలో రొమేనియన్ సెక్షన్, జర్మన్ సెక్షన్ పక్కపక్కన ఉండొచ్చు. హంగేరియన్‌కి క్లుజ్‌లో విడిగా పేరున్న పాత హైస్కూళ్లే ఉన్నాయి. ఆరేళ్లకి ప్రిపరేటరీ క్లాసులో వేస్తారు, 2012 నుంచి అది తప్పనిసరి. అంతకు ముందు గ్రదినీత్సా, అంటే బాలవాడి. మీ పాపకి రొమేనియన్ లైన్ గ్రదినీత్సా చాలు, ఒక చలికాలం గడిచేసరికి మీకు తప్పులు దిద్దుతుంది.

జర్మన్ లైన్ మాత్రం ఇక్కడ పెద్ద క్రేజ్. సీటు కోసం తల్లిదండ్రులు పడే పాట్లు చూస్తే హైదరాబాద్ నర్సరీ అడ్మిషన్లు గుర్తొస్తాయి. విచిత్రం ఏంటంటే ఆ క్లాసులో జర్మన్ పిల్లలు దాదాపు ఉండరు.

7 · కొత్తచిగురు
జర్మన్లు లేని జర్మన్ బడా?! ఎందుకలా? రొమేనియన్ లైన్ అని ఫిక్స్ అయిపోయాం, థాంక్స్ అండీ. కానీ ఇప్పుడు నాకు కుతూహలం పట్టుకుంది, ఆపకండి.

8 · తిమిషోఆరా_తీరం
జర్మన్ సంగతి నేను చెప్తా, నేనుండేది దేశానికి పశ్చిమాన ఉన్న బానాత్‌లో. రొమేనియాలో జర్మన్లు అంటే ఒకే గుంపు కాదు. ట్రాన్సిల్వేనియాలో సాక్సన్లు, 12వ శతాబ్దంలో హంగేరీ రాజులు పిలిపించుకున్నవాళ్లు. సిబియు, బ్రషోవ్ కట్టింది వాళ్లే, బ్రషోవ్‌ని క్రోన్‌ష్టాట్ అనేవాళ్లు. ఊరి చర్చి చుట్టూ కోటగోడ కట్టి, తుర్కులు వచ్చినప్పుడు ఊరంతా లోపల దూరి తలుపులేసుకునేవాళ్లు. బియెర్తాన్, విస్క్రి వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే సాక్సన్ యాస జర్మనీలో వాళ్లకి కూడా పట్టుబడదు, లక్సెంబర్గ్ భాషకి దగ్గర. మా బానాత్‌లో ఉన్నవాళ్లు స్వాబియన్లు, 18వ శతాబ్దంలో ఆస్ట్రియా తెచ్చి కూర్చోబెట్టింది. మతాలూ వేరే, సాక్సన్లు లూథరన్లు, వీళ్లు క్యాథలిక్కులు.

1930 లెక్కల్లో ఏడున్నర లక్షలకి కాస్త తక్కువగా జర్మన్లు ఉండేవాళ్లు. 2021లో ఇరవై మూడు వేలు. ఏం జరిగింది? 1945 జనవరిలో సుమారు 70 వేల మందిని పనికి సోవియట్ గనులకి తోలేశారు. తర్వాత కమ్యూనిస్టు నియంత చౌషెస్కు కాలంలో పశ్చిమ జర్మనీ తలకింత అని డబ్బు కట్టి మనుషుల్ని తీసుకెళ్లింది, నిజంగా తలకింత, చదువుకున్నవాడికి ఎక్కువ రేటు. 1989లో బెర్లిన్ గోడ కూలాక, 1990 ఒక్క ఏడాదే లక్షకి పైగా సర్దుకుని వెళ్లిపోయారు. ఊళ్లకి ఊళ్లు తాళాలు పడ్డాయి.

బళ్లు మాత్రం మూతపడలేదు. టీచర్లు, పుస్తకాలు, పేరు ఉన్నాయి. రొమేనియన్ తల్లిదండ్రులు జర్మన్ కంపెనీల ఉద్యోగాలు చూసి పిల్లల్ని తెచ్చి చేర్పించారు. మా ఊళ్లో లెనావ్ హైస్కూల్ ఉంది, అక్కడ చదివినవాళ్లలో ఇద్దరికి నోబెల్ వచ్చింది, హెర్తా మ్యుల్లర్‌కి 2009లో సాహిత్యానికి, స్టెఫాన్ హెల్‌కి 2014లో కెమిస్ట్రీకి. అలాగే తిమిషోఆరాలో మూడు భాషలకి మూడు ప్రభుత్వ నాటకశాలలు ఉన్నాయి, రొమేనియన్, హంగేరియన్, జర్మన్. జర్మన్ నాటకానికి వెళ్తే తెర మీద రొమేనియన్ అక్షరాలు నడుస్తుంటాయి, హాల్లో సగం మంది అవే చదువుతుంటారు. నేను కూడా.

9 · పాతలిపి
ఇంకో మాట కలపాలి. సిబియులో జర్మన్లు 2 శాతం కూడా లేని రోజుల్లో, 2000లో, క్లౌస్ యొహానిస్ అనే సాక్సన్‌ని మేయర్‌గా ఎన్నుకున్నారు. 2014లో ఆయనే దేశాధ్యక్షుడయ్యాడు, పదేళ్లు చేశాడు. రొమేనియన్లకి సాక్సన్ల మీద ఉన్న మోజు హంగేరియన్ల మీద లేదు. వెళ్లిపోయినవాళ్ల మీద ప్రేమ చూపడం తేలిక. ఎదురుగా కూర్చుని హక్కు అడిగేవాడితోనే గొడవ.

10 · హోసూరువాడు
బాగా చెప్పారు మాస్టారూ. నేను తమిళనాడు హోసూరు తెలుగువాణ్ని, ఈ థ్రెడ్ చదువుతుంటే మా కథే వింటున్నట్టుంది. ఒక సందేహం. అక్కడ బోర్డుల మీద, ఆఫీసుల్లో మైనారిటీ భాష వాడాలంటే లెక్క ఏమైనా ఉందా? మా దగ్గర 1956లో కేంద్రం పెట్టిన పద్ధతి ప్రకారం జిల్లాలో 30 శాతం ఉంటే రెండు భాషల జిల్లా, 15, 20 శాతం ఉంటే నోటీసులు వాళ్ల భాషలో కూడా వేయాలి. కాగితం మీద. బళ్ల సంగతికొస్తే 2006లో తమిళం తప్పనిసరి అని చట్టం తెచ్చి ఒకటో తరగతి నుంచి ఏడాదికో క్లాసు పెంచుకుంటూ వచ్చారు, 2016 పదో తరగతి పరీక్షల దాకా వచ్చేసరికి తెలుగు మీడియం పిల్లలు మినహాయింపు కోసం కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది.

11 · క్లుజ్_కోడర్
ఉంది అన్నా. 2001లో 215వ నంబరు చట్టం వచ్చింది. ఒక ఊళ్లో ఒక మైనారిటీ 20 శాతం దాటితే ఊరి పేరు బోర్డు రెండు భాషల్లో, మునిసిపల్ ఆఫీసులో అర్జీ ఆ భాషలో ఇవ్వొచ్చు, జవాబూ అందులో రావాలి. ఇప్పుడు ఉన్న పరిపాలనా కోడ్‌లోనూ అదే 20.

ఆ అంకె దగ్గరే మా క్లుజ్ ఇరుక్కుంది. 1992 లెక్కల్లో ఇక్కడ హంగేరియన్లు 20 దాటి ఉన్నారు, చట్టం వచ్చాక 2002 లెక్కల్లో ఒక్క పిసరు కిందకి దిగారు, 2011కి 16 చిల్లర. అదే కాలంలో, 1992 నుంచి 2004 దాకా, ఘోర్గె ఫునార్ అనే మేయర్ ఉండేవాడు. ఆయన ఊళ్లో పార్కు బెంచీలకి, చెత్తడబ్బాలకి కూడా జెండా రంగులు, నీలం పసుపు ఎరుపు, వేయించాడు, హంగేరియన్లకి ఎవరి ఊరో గుర్తుండాలని. పాతవాళ్లు ఇప్పుడు నవ్వుతూ చెప్తారు గానీ అప్పుడు నవ్వులేదు. చివరికి 2017లో ఊరి పొలిమేరలో బహుభాషా బోర్డులు వచ్చాయి. క్లుజ్-నపోకా, కింద కోలోజ్‌వార్, క్లౌజెన్‌బుర్గ్. అన్నట్టు ఈ "నపోకా" తోక 1974లో చౌషెస్కు తగిలించిందే, ఊరికి రోమన్ పునాది ఉందని చాటడానికి. ఇక్కడ ఊరి పేరు కూడా వాదనలో సాక్షే.

12 · మురెష్_మెడికో
మా ఊళ్లో అంతకన్నా ఘోరం జరిగింది. 1990 మార్చిలో, అంటే చౌషెస్కుని దించిన విప్లవం అయి మూడు నెలలు కాలేదు, రొమేనియన్లు హంగేరియన్లు నడి మెయిన్ స్క్వేర్‌లో కర్రలతో కొట్టుకున్నారు, మనుషులు చనిపోయారు. హంగేరియన్ హైస్కూల్ విడిగా కావాలన్న డిమాండ్ దగ్గర రాజుకుంది. ఇప్పుడు అదే స్క్వేర్‌లో సాయంత్రం కూర్చుంటే పక్క బెంచీలో అబ్బాయి హంగేరియన్, అమ్మాయి రొమేనియన్, ఇద్దరూ మధ్యలో ఇంగ్లీషు కలిపి కొట్టుకుంటుంటారు, సినిమా గురించి.

13 · బుకారెస్ట్_బాబాయ్
సరే, ఈ లెక్కన హంగేరియన్లకి బడి, యూనివర్సిటీ, పార్టీ, పేపరు అన్నీ ఉన్నాయి కదా. ఇంకా ఏం కావాలి? అడిగినకొద్దీ ఇస్తూ పోతే సెకెయ్ ప్రాంతానికి, అదే ఆ హర్గీతా, కొవాస్నా వైపుకి, స్వయంప్రతిపత్తి అంటారు.

14 · పాతలిపి
అంటున్నారు కూడా. 1952 నుంచి 1968 దాకా అలాంటి హంగేరియన్ స్వయంప్రతిపత్తి ప్రాంతం ఒకటి ఉండేది, స్టాలిన్ పద్ధతిలో, తర్వాత ఎత్తేశారు. క్లుజ్‌లో హంగేరియన్ల బోయాయి యూనివర్సిటీని 1959లో రొమేనియన్ల బాబెష్ యూనివర్సిటీతో కలిపేశారు. ఆ కలిపిన సంస్థే ఇవాళ రొమేనియన్, హంగేరియన్, జర్మన్ మూడింటిలో డిగ్రీలు ఇస్తోంది, దేశంలో పెద్ద యూనివర్సిటీల్లో ఒకటి. స్వయంప్రతిపత్తి మీద నా అభిప్రాయం పక్కన పెట్టండి. బాబాయ్ గారు చెప్పిన జాబితా, బడి, యూనివర్సిటీ, పార్టీ, పేపరు, అదే హంగేరియన్‌ని నిలబెట్టింది. ఒక్కటి తీసేసి చూడండి. రొమేనియాలోనే తూర్పున ఉన్న మోల్డావియా ప్రాంతంలో బకావు చుట్టుపక్కల చాంగోలు అని ఉన్నారు, క్యాథలిక్కులు, పాతకాలపు హంగేరియన్ యాస మాట్లాడేవాళ్లు. వాళ్లకి కమ్యూనిస్టులు మొదట్లో తెరిచిన కొన్నేళ్ల బళ్లు తప్ప బడి లేదు, ప్రార్థన కూడా రొమేనియన్లోనే. ఇప్పుడు ఆ యాస వచ్చినవాళ్లు చాలావరకు ముసలివాళ్లే. యూరప్ కౌన్సిల్ 2001లో వీళ్ల కోసం ఒక సిఫారసు చేసింది, దాని నంబరు 1521. న్యాక్షు ఉత్తరం ఏడాది కూడా 1521. కాకతాళీయమే, ఊరికే చెప్పా.

15 · తిమిషోఆరా_తీరం
చిన్నవాటిలో నాకు ముచ్చటగా అనిపించేది మా పక్కనే దుదేష్తీ వెకి అనే ఊరి బల్గేరియన్. వీళ్లు క్యాథలిక్ బల్గేరియన్లు, 18వ శతాబ్దంలో వచ్చారు. బల్గేరియాలో సిరిలిక్‌లో రాసే భాషని వీళ్లు లాటిన్ అక్షరాల్లో రాస్తారు, 1866లో సొంతంగా స్పెల్లింగ్ పద్ధతి పెట్టుకున్నారు. డాన్యూబ్ డెల్టాలో, తుల్చా జిల్లాలో లిపోవాన్లు, రష్యాలో చర్చి సంస్కరణలు ఒప్పుకోక గడ్డాలు, పాత పూజాపద్ధతి కాపాడుకుంటూ పారిపోయి వచ్చినవాళ్లు, చేపలు పట్టుకుని బతుకుతారు. కాన్‌స్తాన్‌త్సా, మెజిదియా వైపు తుర్కులు, తాతార్లు. మరమురెష్‌లో ఉక్రేనియన్లు. నద్లాక్‌లో స్లొవాక్‌లు. పార్లమెంటులో ఇలాంటి ఒక్కో మైనారిటీకి, ఓట్లు మామూలు కోటాకి చాలకపోయినా, ఒక్కో సీటు ఇస్తారు. ఈ ఏర్పాటు మాత్రం మెచ్చుకోవాల్సిందే.

16 · క్లుజ్_కోడర్
సైడ్ ట్రాక్, కోడర్లకి మాత్రమే. రొమేనియన్ ఎస్, టీ అక్షరాల కింద కామా ఉండాలి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఫాంట్లలో అది సరిగ్గా లేక తుర్కు భాషలో వాడే తోకని పెట్టేవాళ్లు. చూడ్డానికి ఒకటే, యూనికోడ్‌లో వేరు. పాత డేటాబేస్‌లో ఒకే ఇంటిపేరు రెండు రకాలుగా ఉండి, వెతికితే సగం మంది దొరకరు. మన కొత్తచిగురు గారి భర్తకి మొదటి నెలలోనే ఈ బగ్ తగులుతుందని పందెం.

17 · కిషినావ్_కబుర్లు
నేను మోల్డోవా దేశం నుంచి, కిషినావ్‌లో మెడిసిన్. ఇక్కడ ఇంకో గొడవ. మాట్లాడేది రొమేనియనే, కానీ సోవియట్ కాలంలో దాన్ని సిరిలిక్‌లో రాయించి మోల్డోవన్ అని పేరు పెట్టారు. 1989 ఆగస్టు 31న లాటిన్ లిపి తెచ్చుకున్నారు, ఆ రోజు ఇప్పటికీ సెలవు. రాజ్యాంగంలో మాత్రం మోల్డోవన్ అనే ఉండిపోయింది, 2023 మార్చిలో పార్లమెంటు చట్టం చేసి అన్నిచోట్లా రొమేనియన్ అని మార్చింది. దనీస్టర్ అవతల ట్రాన్స్‌నీస్ట్రియాలో ఇంకా సిరిలిక్‌లోనే. దక్షిణాన గాగౌజ్‌లు, భాష తుర్కు, మతం ఆర్థడాక్స్ క్రైస్తవం, 1994 నుంచి స్వయంప్రతిపత్తి. విచిత్రం, వాళ్లలో చాలామంది బయట మాట్లాడేది రష్యన్. బాబాయ్ గారూ, స్వయంప్రతిపత్తి ఇస్తే భాష బతుకుతుందని గ్యారంటీ కూడా లేదు, ఇవ్వకపోతే చస్తుందనీ లేదు.

18 · తండా_పోరడు
ఇంత చెప్పిన్రు, రోమాల గురించి ఒక్కరు కూడా చెప్పలే. నేను మహబూబాబాద్ దిక్కు లంబాడా. మా వాట్సాప్ గ్రూపుల్ల ఎప్పుడూ వస్తది, యూరప్ జిప్సీలు మన గోర్ మాటిలే అని. నిజమేనా?

19 · పాతలిపి
మంచి ప్రశ్న, సిగ్గుపడాల్సిన విషయమే, పద్దెనిమిది పోస్టుల దాకా ఎవరం ఎత్తలేదు. అక్కడా అంతే జరుగుతుంది.

2021 లెక్కల్లో రోమాలు 5 లక్షల 69 వేలు. అసలు సంఖ్య దీనికి చాలా ఎక్కువని అందరూ ఒప్పుకుంటారు, రోమా అని రాయించుకోవడానికి వెనకాడతారు కాబట్టి. రోమా అని చెప్పుకున్నవాళ్లలోనే సగం మంది కూడా మాతృభాష రోమానీ అని రాయించలేదు. వలేకియా, మోల్డావియా రాజ్యాల్లో వీళ్లు బానిసలు. 1385లో తిస్మానా మఠానికి నలభై కుటుంబాలని దానం ఇచ్చిన పత్రం ఉంది. విడుదలైంది 1855, 56లో. అంటే సుమారు ఐదు వందల ఏళ్ల బానిసత్వం. కొన్ని గుంపులు ఆ కాలంలోనే భాష పోగొట్టుకుని రొమేనియన్ మాత్రమే మాట్లాడతాయి.

ఇక మీ ప్రశ్న. రోమానీ ఉత్తర భారతం నుంచి వెళ్లిన ఇండో ఆర్యన్ భాష, దానిలో సందేహం లేదు. నీళ్లు పానీ, ముక్కు నఖ్, చెవి కన్, మనిషి మనుష్. హైదరాబాద్‌లో ఉర్దూ విన్నవాడికి చెప్పక్కర్లేదు. మీ గోర్ బోలి కూడా ఇండో ఆర్యనే, కానీ రాజస్థానీ వైపుది. బంధువులే, అన్నదమ్ములు కారు. తేడా అంకెల్లో తెలుస్తుంది. రోమానీలో ఆరు దాకా మన వైపువే, యెక్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్, షోవ్. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా. అవి గ్రీకు. వెళ్తూ వెళ్తూ గ్రీకు మాట్లాడే బైజాంటియంలో చాలాకాలం ఆగారు. మీ వాళ్లు ఆ దారిన పోలేదు.

20 · తండా_పోరడు
మాకు సాత్, ఆట్, నవ్. అర్థమైంది సార్. మరి ఆ భాషకి బడి ఉందా అక్కడ?

21 · మురెష్_మెడికో
తమ్ముడూ, మా ఊళ్లో గాబోర్ రోమాలు ఉంటారు, మగవాళ్లు పెద్ద అంచున్న నల్ల టోపీ, గుబురు మీసం, ఆడవాళ్లు కుచ్చిళ్ల లంగాలు. రేకు పని, ఇళ్ల మీద నీటి గొట్టాలు బిగించడం వాళ్ల వృత్తి. ఇంట్లో రోమానీ, బజార్లో హంగేరియన్, ఆఫీసులో రొమేనియన్. నాతో ఒకాయన "ఇండియానా" అని అడిగి, వేళ్లు మడుస్తూ ఆరు దాకా లెక్కపెట్టి చూపించాడు, నేను తెలుగువాణ్ని కదా, హిందీలో కలిపా. భలే సరదాపడ్డాడు. మూడు భాషలు ఇంత చక్కగా వచ్చిన మనిషిని మా క్లాసులో ఇంకొకర్ని చూపించలేను, అయినా ఊళ్లో ఆయన్ని చదువులేనివాడనే అంటారు.

22 · పాతలిపి
బడి ఉంది, కొంతవరకు. 1990ల నుంచి రోమానీని పాఠంగా చెబుతున్నారు, బుకారెస్ట్ యూనివర్సిటీలో గెయోర్గె సరావు అనే భాషావేత్త టీచర్లని తయారుచేశాడు, పుస్తకాలు రాశాడు. అయితే ఎక్కువ చోట్ల వారానికి కొన్ని గంటలే, మొత్తం మీడియం రోమానీ అయిన బడి అరుదు. యూరప్ మైనారిటీ భాషల చార్టర్‌ని రొమేనియా 2008 నుంచి అమలు చేస్తోంది, 20 భాషలకి. వాటిలో పదింటికి బడి, కోర్టు, ఆఫీసు, మీడియా అంటూ గట్టి హామీలు. ఆ పదిలో చెక్, క్రొయేషియన్ ఉన్నాయి, మాట్లాడేవాళ్లు కొన్ని వేలే. రోమానీ లేదు. సాధారణ రక్షణ ఉన్న రెండో వరసలో పెట్టారు.

23 · బుకారెస్ట్_బాబాయ్
ఇది నాకు తెలీదు. లక్షల మంది ఉన్న భాషని రెండో వరసలో, వేలున్నదాన్ని మొదటి వరసలో పెట్టడం ఏం లెక్క? ఇక్కడ మా ఆఫీసు కుర్రాళ్లు బావుంది అనడానికి "మిష్తో" అంటారు, అదృష్టం కలిసి రావాలని "బఫ్తా" అంటారు, డబ్బుకి "లొవెలె". అవన్నీ రోమానీ మాటలే, కానీ రోమా అంటే ముక్కు విరుస్తారు. హంగేరియన్ల విషయంలో నేను మాత్రం మారను, దేశ భాష అందరికీ గట్టిగా నేర్పాల్సిందే.

24 · హోసూరువాడు
నేర్పొద్దని ఎవరూ అనలేదు బాబాయ్ గారూ. 6వ పోస్ట్ మళ్లీ చదవండి. పరాయి భాషలా మొదటి నుంచి ఓపిగ్గా నేర్పమంటున్నారు, కవిత్వంతో మొదలెట్టొద్దంటున్నారు. మా హోసూరులో తెలుగు పిల్లలకి తమిళం రాక కాదు, వీధిలో గడగడా మాట్లాడతారు. పరీక్ష పేపర్లోనే ఆగిపోతారు.

25 · తండా_పోరడు
పాతలిపి సార్, ఆ రోమానీ పుస్తకాలు పీడీఎఫ్‌ల దొరుకుతాయా? మా గోర్ బోలికి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాలల్ల రాయాల్నా దేవనాగరిల రాయాల్నా అని మా దగ్గర ఇంకా పంచాయితీ నడుస్తుంది. వాళ్లు ఒక్కో దేశంల ఒక్కో తీరు మాట్లాడుకుంట ఒక రాత ఎట్ల కుదిరిచ్చుకున్నరో చూడాలె.

26 · పాతలిపి
పూర్తిగా కుదరలేదు, అదీ చూడాల్సిందే. 1990లో వార్సా దగ్గర జరిగిన రోమా మహాసభలో ఉమ్మడి అక్షరమాల ఒకటి ఒప్పుకున్నారు. రొమేనియా బళ్లలో అదే వాడుతున్నారు, మిగతా చాలా దేశాల్లో ఎవరి అలవాటు వాళ్లదే. అందులో కిటుకు ఏంటంటే కొన్ని విభక్తి ప్రత్యయాలకి ఒకే అక్షరం పెట్టి, ముందున్న శబ్దాన్ని బట్టి ఎవరి యాసలో వాళ్లు పలుక్కోమన్నారు. మీ తండాల మధ్య యాస తేడాలకి ఇది పనికొస్తుందేమో చూడండి. రొమేనియా విద్యాశాఖ సైట్‌లో డిజిటల్ పాఠ్యపుస్తకాలు పెడతారు, మైనారిటీ భాషలవి కూడా. రోమానీ పాఠాలు ఏవైనా దొరికితే ఇక్కడే లింక్ పెడతాను.